బల్లమీదిదా? ఒళ్ళోదా?

పిల్లలూ!

ఈ నెల తోకచుక్కల సంగతి చెబుతానని మీకు మాట ఇచ్చాను. కాని ఈ మధ్య మా వీధిలో ఒక తగాదా వచ్చింది. దాన్ని తీర్చమని నన్ను అడిగారు. తీర్చబోయి నేనే కాస్త తప్పు చేశాను. ముందు ఆ సంగతి చెప్పేస్తాను. తోకచుక్కలకేం, పోయినా మళ్ళీ వస్తాయి!

మా వీధి మొదట్లో ఒక దర్జీ ఉన్నాడు. ఒకప్పుడు నా దగ్గిర చదువుకున్నవాడే. అతనికి ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి. పదో తరగతి ప్యాసై, పాలిసెట్ పరీక్ష రాసి, గుంటూరులో పాలిటెక్నిక్ సీటు తెచ్చుకున్నది. సివిలు కోర్సు. హాస్టల్లో ఉండి చదువుకోవాలి. రెండోవాడు ఎనిమిదో తరగతి. దర్జీ రెండు పెళ్ళిళ్ళ సీజన్లు రాత్రింబగళ్ళు కుట్టి 35,000 రూపాయలు వెనకేశాడు. ఆ డబ్బుతో ఇంట్లోకి ఒక కంప్యూటరు కొనాలి. ఒకటే! రెండు కొనే తాహతు లేదు.

అమ్మాయి లాప్‌టాపు కొనమన్నది. అబ్బాయి డెస్క్‌టాపే కొనాలని పట్టుబట్టాడు. వాడి బాధ ఏమిటంటే, లాప్‌టాపు కొంటే అక్క దాన్ని సంచీలో పెట్టుకుని గుంటూరు వెళ్ళిపోతుంది, తనకు మిగిలేది అది వచ్చిన అట్టపెట్టె మాత్రమే. డెస్క్‌టాపయితే బల్ల మీదినుంచి ఎక్కడికీ కదలదు. నాలుగు రోజులు అక్కా తమ్ముళ్ళకు మాటలు లేవు. అయిదోనాటి సాయంత్రం దర్జీ మెళ్ళో టేపు కూడా తియ్యకుండా పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, వీళ్ళ తగువు మీరే తీర్చాలి. నాకు గుడ్డ నాణ్యం తెలుసు గాని, ఈ వస్తువు నాణ్యం తెలీదు," అన్నాడు.

నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే చాలు, ముప్పయి ఏళ్ళు బల్లగుద్ది చెప్పిన అలవాటు కదా, నోరు ఊరుకోదు. "డెస్క్‌టాపే కొను. సందేహమే లేదు," అన్నాను. అని, కారణాలు చెప్పటం మొదలుపెట్టాను. ఆ కారణాలు మీరూ వినండి. అవి తప్పు కాదు. తప్పు మరో చోట ఉన్నది.

ముందు ఈ పేర్లు చూడండి. డెస్క్ అంటే బల్ల, టాప్ అంటే పైభాగం. బల్ల మీద ఉండేది డెస్క్‌టాపు. లాప్ అంటే ఒడి. ఒళ్ళో పెట్టుకునేది లాప్‌టాపు. రెండింటి లోపలా ఉండే అవయవాలు ఒకటే. దర్జీ కొట్టు మీకు తెలుసు కదా! దర్జీ చేతుల లాంటిది ప్రాసెసరు. పనంతా చేసేది అదే. గుడ్డ పరిచి కత్తిరించే బల్ల లాంటిది రామ్. అప్పటికప్పుడు చేసే పని యావత్తూ దాని మీద పరచుకోవాలి, కరెంటు పోతే అది తుడిచిపెట్టుకుపోతుంది. గుడ్డలు దాచే బీరువా లాంటిది డిస్కు. దానిలో పెట్టింది కరెంటు పోయినా ఉంటుంది. ఈ మూడింటినీ విడివిడిగా ఒక పెట్టెలో అమర్చి, తెరా, మీటల పలకా, మౌసూ తీగలతో తగిలిస్తే డెస్క్‌టాపు. అన్నింటినీ ఒక పుస్తకంలా కుదించి, బందులతో మూత బిగించి, ఒక బ్యాటరీ చేర్చితే లాప్‌టాపు.

విడివిడిగా ఉండటంలో ఎంత సుఖం ఉన్నదో మా ఇంట్లో కంప్యూటరే సాక్ష్యం. నేను పదవీవిరమణ చేసిన ఏడు కొన్నాను. రెండో ఏట మీటల పలకలో నాలుగు మీటలు నొక్కుడు పడటం మానేశాయి. కొత్త పలక కొన్నాను, అయిదువందల లోపే. మూడో ఏట నెమ్మదించింది. రామ్ మరొక ముక్క కొని గాడిలో నొక్కాం, మళ్ళీ పరుగెత్తింది. లాప్‌టాపులో మీటలు చెడితే వస్తువంతా విప్పాలి. చాలా వాటిలో ఈ రోజుల్లో రామ్‌ను పలకకే అతికించేస్తున్నారు. తరవాత పెంచుదామంటే వీలు లేదు. ఆ సంగతి కొనేముందే అడగాలి.

తరవాత తెర. ఇక్కడ మీకొక లెక్క. లాప్‌టాపు తెర సాధారణంగా 15.6 అంగుళాలు ఉంటుంది. బల్ల మీది తెర 22 అంగుళాలదనుకుందాం. ఈ కొలతలు మూల నుంచి మూలకు తీసుకున్నవి. "ఆరు అంగుళాలేగా తేడా!" అన్నాడు దర్జీ కొడుకు. నేను వాడి చేతికి కాగితం ఇచ్చాను. రెండు తెరల ఆకారమూ ఒకటే అయినప్పుడు వైశాల్యాలు ఆ మూలకొలతల వర్గాలలాగా ఉంటాయి. 22ను 22తో హెచ్చిస్తే 484. 15.6ను 15.6తో హెచ్చిస్తే 243 పైచిలుకు. అంటే బల్ల మీది తెర దాదాపు రెట్టింపు! వాడు రెండుసార్లు హెచ్చించి చూసుకుని, అక్క వంక గెలిచినవాడిలాగా చూశాడు.

ఇక వేడి. ప్రాసెసరు పనిచేస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి తోలితేగాని అది మళ్ళీ పని చెయ్యలేదు. డెస్క్‌టాపు పెట్టెలో చోటున్నది కనక పెద్ద విసనకర్ర పెట్టారు. పలచని లాప్‌టాపులో ఎక్కడ పెడతారు? అందుచేత అక్కడ ప్రాసెసరుకు తిండి తగ్గించారు. మామూలు డెస్క్‌టాపు ప్రాసెసరు 65 వాట్ల తరగతిదయితే, పలచని లాప్‌టాపులోది తరచు 15 వాట్ల తరగతిది. మరీ వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఉత్తరాలు రాయటానికీ, పాఠాలు చదవటానికీ ఈ తేడా మనకు కనిపించదు. గంటల తరబడి పెద్ద బొమ్మలతో పని చేస్తే తెలుస్తుంది.

మెడ సంగతి చెప్పకుండా ఎట్లా? మనిషి తల బరువు సుమారు అయిదు కిలోలు. నిటారుగా కూర్చుంటే ఆ బరువు వెన్ను మీద తిన్నగా నిలుస్తుంది. ముందుకు వంగితే మెడ కండరాలు దాన్ని పట్టుకుని వేళ్ళాడాలి. లాప్‌టాపులో తెరా మీటలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెర కళ్ళకు సరిపోయే ఎత్తులో పెడితే చేతులు పైకెత్తాలి. చేతులకు సరిపోయేట్టు పెడితే మెడ వంచాలి. బల్ల మీది కంప్యూటరుకు ఈ చిక్కు లేదు. తెర పై అంచు కళ్ళకు ఎదురుగా, మూర దూరానికి కాస్త ఎక్కువలో పెట్టుకోవచ్చు.

ఇట్లా నేను ఒక పీరియడంతా మాట్లాడాను. అబ్బాయి మొహం వెలిగిపోతున్నది. అమ్మాయి "అట్లాగే మాస్టారూ" అని నెమ్మదిగా అని, లేచి నిలబడింది. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. క్లాసులో ప్రశ్న వెయ్యని పిల్ల రెండు రకాలు, అంతా తెలిసిన పిల్లా, మాస్టరు వినడని తెలిసిన పిల్లా. ఆ సంగతి తెలిసీ నేను పట్టించుకోలేదు.

అప్పుడు దర్జీ నసుగుతూ ఒక మాట అన్నాడు.

"మాస్టారూ, మా నాన్న దగ్గిర రెండు మిషన్లు ఉండేవి. కొట్లో కాలిమిషను. రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి, పని చురుగ్గా సాగేది. ఇంకొకటి చేతిమిషను. ఒక చెయ్యి చక్రానికే సరి, మిగిలిన చేత్తోనే గుడ్డ తోసుకోవాలి. పని సగమే. కాని పెళ్ళివారి ఇంటికి పోయి కుట్టాలంటే ఆ చేతిమిషనే నెత్తిన పెట్టుకుని పోయేవాడు. కాలిమిషను ఎంత మంచిదయినా పెళ్ళివారింటికి రాదు గదండీ?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను ఏ వస్తువు మంచిదో చెప్పానే గాని, ఎవరు ఎక్కడ కూర్చుని ఏ వేళప్పుడు ఏ పని చెయ్యాలో అడగనే లేదు! లెక్క పూర్తిగా చదవకుండా జవాబు రాసిన పిల్లవాడికి నేను ఎన్నిసార్లు సున్నా వెయ్యలేదు?

"అమ్మాయ్, కూర్చో," అన్నాను. "కాలేజీలో కంప్యూటర్లు లేవా?"

"ల్యాబులో ఉన్నాయి మాస్టారూ. సాయంత్రం తాళం వేస్తారట. డ్రాయింగులు రాత్రి హాస్టల్లోనే వేసుకోవాలి. మా పైతరగతి అక్క చెప్పింది. గదికి నలుగురు. బల్ల ఒక్కటే. మంచం మీద కూర్చుని చేసుకుంటారట."

"మరి ఇందాకనే ఎందుకు చెప్పలేదు?"

ఆ పిల్ల జవాబు చెప్పలేదు. తమ్ముడి వంక చూసింది. వాడు నేల చూపులు చూశాడు.

నిజానికి కంప్యూటరును మోసుకుపోవచ్చుననే ఊహే చాలా కాలం ఎవరికీ రాలేదు. 1946లో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో ఎనియాక్ అనే కంప్యూటరును లోకానికి చూపించారు. దాని బరువు దాదాపు 30 టన్నులు. లోపల సుమారు 18,000 వాల్వులు! మన దేశంలో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ వారు 1960లో తయారుచేసి నడిపించిన కంప్యూటరు కూడా గదినిండా ఉండేదే. అట్లాంటి రోజుల్లో, 1968లో, యూటా విశ్వవిద్యాలయంలో చదువుకునే ఆలన్ కే అనే యువకుడు, కొందరు పిల్లలు కంప్యూటరుతో లెక్కలు నేర్చుకోవటం చూశాడు. "ఇది పిల్లలు పుస్తకంలా చంకన పెట్టుకుపోయే వస్తువు కావాలి," అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడో తెలుసునా? అట్టతో ఒక బొమ్మ కంప్యూటరు చేశాడు. దానిలో సీసపు గుళ్ళు పోసి, ఎంత బరువయితే మోయటానికి వీలుగా ఉంటుందో చూశాడు. కిలోకు లోపలే ఉండాలని తేల్చాడు. 1972లో దాన్ని గురించి ఒక వ్యాసం కూడా రాశాడు. దాని పేరులోనే "అన్ని వయసుల పిల్లల కోసం" అని ఉన్నది. అంటే ఒళ్ళో కంప్యూటరు ఊహ పుట్టింది దొరల కోసం కాదు, మీ కోసం!

ఊహ పుట్టినంత సులువుగా వస్తువు పుట్టదు. 1981లో ఆస్‌బర్న్ అనే కంప్యూటరు వచ్చింది. మోసుకుపోవచ్చునన్నారు. బరువు 11 కిలోలు! తెర అయిదే అంగుళాలు. బ్యాటరీ లేదు, ఎక్కడికి మోసుకుపోయినా గోడకు తగిలించాల్సిందే. మరుసటి ఏడు గ్రిడ్ కంపాస్ అనే దానికి ఇప్పటి లాప్‌టాపులాగా మడిచే మూత వచ్చింది. అమెరికావారు దాన్ని అంతరిక్షనౌకలో కూడా తీసుకుపోయారు. ఇప్పుడు మామూలు లాప్‌టాపు కిలోన్నర, కిలోమూడుపావుల మధ్య ఉంటున్నది. కే గారి గుళ్ళ లెక్క చాలా లాప్‌టాపులు ఇంకా అందుకోలేదు.

లాప్‌టాపుకు ప్రాణం దాని బ్యాటరీ. లిథియం అయాను బ్యాటరీ 1991లో మొదటిసారి అంగట్లోకి వచ్చింది. దాని వెనక పనిచేసిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వారిలో గుడినఫ్ గారి వయస్సు అప్పటికి 97 ఏళ్ళు. (నాకు ఇంకా చాలా వ్యవధి ఉన్నదన్నమాట!) ఆ బ్యాటరీ విలువ నాకు ఒక వేసవిలో బోధపడింది. నేను పనిచేసిన బడి చరిత్ర రాద్దామని కూర్చున్నాను. పాత ఉపాధ్యాయుల పేర్లూ, బావి తవ్విన సంగతీ, తుఫానులో కప్పు లేచిపోయిన సంగతీ ఆ వేళ ఏకబిగిన పదకొండు పేజీలు కొట్టాను. దాచుకుందాం, దాచుకుందాం అనుకుంటూనే ఉన్నాను. టప్పున కరెంటు పోయింది. కత్తిరింపు బల్ల మీదిదంతా మాయం! బీరువాలో పెట్టింది ఏమీ లేదు. ఆ పదకొండు పేజీలూ మళ్ళీ రాశాను గాని, మొదటిసారి వచ్చినట్టు రాలేదు. లాప్‌టాపయితే కరెంటు పోయిన సంగతి దానికి తెలియనే తెలియదు.

ఆ తరవాత నేను డెస్క్‌టాపుకు యూపీఎస్ అనే పెట్టె కొన్నాను. దానిలో 12 వోల్టుల, 7 ఆంపియరు గంటల బ్యాటరీ ఉంటుంది. హెచ్చిస్తే 84 వాట్ గంటలు. నా కంప్యూటరూ తెరా కలిసి 100 వాట్లు తింటాయనుకుంటే, లెక్క ప్రకారం ముప్పావు గంట పైనే రావాలి. కాని పావుగంటకో, ఇరవై నిమిషాలకో కుయ్యిమంటుంది. దబదబా తోడితే ఆ రకం బ్యాటరీ తన శక్తి అంతా ఇవ్వదు; మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. ఏమయినా, రాసింది దాచుకోవటానికి పావుగంట చాలు. డెస్క్‌టాపు కొనేవారు దీని ఖరీదు కూడా లెక్కలో వేసుకోవాలి.

కరెంటు ఖర్చు కూడా చూద్దామన్నాడు దర్జీ. 100 వాట్లు రోజుకు 5 గంటలు, నెలకు 30 రోజులు, మొత్తం 15 యూనిట్లు. లాప్‌టాపు 30 వాట్లనుకుంటే నాలుగున్నర యూనిట్లు. ఈ తేడా ఇల్లు కూల్చేది కాదులెండి.

చివరికి నేను నా తీర్పు మార్చుకున్నాను. అమ్మాయికి లాప్‌టాపే కావాలి. దర్జీ తల ఊపాడు. మర్నాడే బజారుకు పోయి, రామ్ 8 జీబీ, డిస్కు 512 జీబీ ఉన్నది బేరమాడి, మౌసుతో సహా ఉన్న డబ్బులోనే కొన్నాడు. సివిలు బొమ్మలు మౌసు లేకుండా గియ్యటం కష్టం.

అబ్బాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండును. "సరే నాన్నా" అని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడట. మర్నాడు నేను వాణ్ణి పిలిచి, "ఒరేయ్, సాయంత్రం 5 నుంచి 6 దాకా నా కంప్యూటరు నీది. నేను ఆ వేళప్పుడు ఎట్లాగూ చెట్లకు నీళ్ళు పోసుకుంటాను," అన్నాను. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చాడు. ఇప్పుడు ఒక్క రోజు మానడు. నేను నీళ్ళు పోస్తూ ఉంటే కిటికీలోంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు. మొన్న పెట్టె మూత విప్పించి, విసనకర్ర మీద దుమ్ము తుడిచాడు. ముందు తీగ గోడనుంచి పీకాడా లేదా అని నేను అడిగేలోపలే, పీకిన తీగ ఎత్తి చూపించాడు.

అమ్మాయి బయలుదేరేముందు ఆమెకు మూడు సంగతులు చెప్పాను. మీలో లాప్‌టాపు ఉన్నవారు కూడా వినండి. దాన్ని ఒళ్ళోగాని, పరుపు మీదగాని, దిండు మీదగాని పెట్టి పని చెయ్యకూడదు. దాని అడుగునా పక్కలా ఉండే సందుల్లోంచే అది ఊపిరి పీలుస్తుంది. మంచం మీద తప్పదంటే కింద ఒక పలక వేసుకోవాలి. పేరేమో ఒళ్ళోది, ఒళ్ళో మాత్రం పెట్టకూడదు! రెండోది, వేడి బ్యాటరీని ముసలిదాన్ని చేస్తుంది. 300 నుంచి 500 సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేసేసరికి దాని శక్తి సుమారు అయిదో వంతు తగ్గుతుంది. కొన్నింటిలో 80 శాతం దగ్గిర నింపటం ఆపే ఏర్పాటు ఉంటుంది, ఉంటే వాడుకోవాలి. ఎప్పుడైనా అడుగు ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే ఆపి, నింపటం మాని, బాగుచేసేవాడికి చూపించాలి. దాన్ని నొక్కటం, గుచ్చటం ప్రమాదం, అంటుకుంటుంది. మూడోది, పక్కన మజ్జిగ గ్లాసు పెట్టకూడదు. ఈ మూడోది మా అబ్బాయి 40,000 రూపాయలు పోసి నేర్చుకున్న పాఠం.

దసరా సెలవులకు అమ్మాయి వచ్చింది. దర్జీ ఈలోగా 2,500 రూపాయలకు ఒక పాత 22 అంగుళాల తెర సంపాదించి, కొట్లో కత్తిరింపు బల్ల చివర పెట్టాడు. లాప్‌టాపును ఒక తీగతో దానికి తగిలించి, నేను ఇచ్చిన పాత మీటల పలక గుచ్చారు. (ఆ నాలుగు మీటలూ అబ్బాయి బాగుచేశాడు.) అదే ఇప్పుడు డెస్క్‌టాపు! సెలవులు పది రోజులూ పగలు తమ్ముడికి, రాత్రి అక్కకు అని పంచుకున్నారు. తెర పెట్టిన రోజున వాడు నాన్న టేపు తీసుకుని మూలనుంచి మూలకు కొలిచాడు. 22 లేదు, ఇరవై ఒకటిన్నరే ఉన్నది! మళ్ళీ లెక్క కట్టి, "రెట్టింపు కాదు మాస్టారూ, 1.9 రెట్లే," అని నాకు ఫిర్యాదు చేశాడు. మీ ఇంట్లో తెర కూడా కొలిచి రాయండి.

అమ్మాయి లాప్‌టాపు సంచీ నాకు చూపించింది. ప్యాంటు గుడ్డ ముక్కలు రెండు పొరలు వేసి, మధ్యలో పాత బొంత పరిచి, వాళ్ళ నాన్న కుట్టాడు. బజారులో కొన్న సంచీకన్న బాగున్నది. అడుగున కుట్టు రెండు వరసలు వేశాడు. ఆ కుట్టు మాత్రం చేతిమిషను మీద వేశాడట. ఆ మందం కాలిమిషను సూదికి దిగలేదన్నాడు.